పాత రిజిడ్ మౌంటెన్ బైక్‌ని మళ్లీ మట్టిదారి ఎక్కించడం ఎలా?

సస్పెన్షన్ లేని పాత మౌంటెన్ బైక్ చేతికి రాగానే చాలామందికి వచ్చే మొదటి ఆలోచన, దీనికి కొత్తవి ఏమేం తగిలించొచ్చా అని. ముందు సస్పెన్షన్ ఫోర్క్, డిస్క్ బ్రేకులు, వెడల్పాటి హ్యాండిల్. అన్నీ పెట్టాక మిగిలేది రెంటికీ చెడ్డ రేవడి. పాత బండి సరదా పోతుంది, కొత్త బండి సుఖం రాదు. నేను చెప్పేది అందుకు పూర్తిగా ఎదురు పద్ధతి. పగిలితే, తెగితే ఒళ్లు హూనమయ్యే భాగాలు మాత్రం కొత్తవి వేయండి. మిగతావి విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి అవే బిగించండి. ఆ తర్వాత అప్పటివాళ్లు తొక్కినట్టు తొక్కండి.

అప్పటివాళ్లంటే ఎవరో కాస్త తెలిసి ఉంటే ఈ బండి తీరు త్వరగా అర్థమవుతుంది. 1970ల్లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో, టమాల్‌పైస్ కొండ చుట్టుపక్కల కొందరు కుర్రాళ్లు 1930, 40ల నాటి ష్విన్ ఎక్సెల్సియర్ లాంటి లావు టైర్ల సైకిళ్లని పైకి మోసుకెళ్లి, కిందికి దూకించేవాళ్లు. 1976 అక్టోబర్ 21న ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర తొలి రీప్యాక్ రేసు జరిగింది. దాదాపు రెండు మైళ్ల దారిలో 1300 అడుగులు దిగాలి. పెడల్ వెనక్కి తొక్కితే పట్టే బ్రేకు ఒక్కటే చాలా బళ్లకి దిక్కు. కిందికి చేరేసరికి చక్రం మధ్యనుండే హబ్‌లో గ్రీజు కాలిపోయి పొగలొచ్చేవి. విప్పి మళ్లీ గ్రీజు దట్టించాలి కాబట్టి దారికి ఆ పేరు. అక్కడ గ్యారీ ఫిషర్ పెట్టిన రికార్డు 4 నిమిషాల 22 సెకన్లు. 1977లో జో బ్రీజ్ ఇలాంటి దార్ల కోసమే కొత్త ఫ్రేము తయారుచేశాడు. 1979లో టామ్ రిచీ ఫ్రేములతో ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి వ్యాపారం మొదలుపెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ తేవడంతో ఈ రకం సైకిల్ మామూలు దుకాణాల్లోకి వచ్చింది. 1989లో రాక్‌షాక్స్ వాళ్ల సస్పెన్షన్ ఫోర్క్ వచ్చేదాకా కొండ దిగిన దాదాపు ప్రతి ఒక్కరికీ మోచేతులు, మోకాళ్లే షాకబ్జార్వర్లు.

1. ముందు బండి వయసు తేల్చండి

విడిభాగాలు కొనేముందు ఈ పని చేస్తే డబ్బు మిగులుతుంది. షిమానో భాగాలున్న బండి అయితే క్రాంక్ (పెడల్ తగిలించే చేయి) లోపలి వైపు, డెరైల్యూర్ (చైన్‌ని గేరు నుంచి గేరుకి జరిపేది) వెనక చిన్న ఇంగ్లీషు అక్షరాలు రెండు పోతపోసి ఉంటాయి. గ్రీజు మురికి కింద దాక్కుంటాయి కాబట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది చూడండి. మొదటి అక్షరం సంవత్సరం: ‘ఎ’ అంటే 1976, అక్కడి నుంచి వరసగా లెక్క. రెండోది నెల: ‘ఎ’ జనవరి, ‘ఎల్’ డిసెంబర్. అంటే ‘ఎన్‌సి’ అని ఉంటే 1989 మార్చి. ఒక్క భాగం చూసి నమ్మకండి, మధ్యలో ఎవరో మార్చి ఉండొచ్చు. మూడు నాలుగు చోట్ల అక్షరాలు దగ్గర దగ్గరగా కలిస్తే అదే బండి పుట్టిన కాలం.

ఫ్రేము తీరు కూడా వయసు చెబుతుంది. 80ల మొదట్లో వచ్చిన బళ్లు పొడుగ్గా ఉంటాయి, ముందు ఫోర్క్ బాగా ముందుకి వాలి ఉంటుంది. దిగుడులో నిమ్మళంగా పోతాయి, మలుపులో బద్ధకిస్తాయి. దశాబ్దం చివరికి హెడ్ ట్యూబు (ఫోర్క్ దూరే ముందు గొట్టం) కోణం 71 డిగ్రీల దగ్గరికి వచ్చి, హ్యాండిల్ ఇలా అంటే అలా తిరిగే బళ్లు వచ్చాయి. చైన్‌స్టేల (వెనక చక్రానికి రెండు పక్కలా పోయే కింది గొట్టాలు) కింద బలంగా ఒక బ్రేకు కనిపిస్తే అది యు-బ్రేక్, 80ల రెండో సగం నాటి ఫ్యాషన్. బురదంతా పోగయ్యే చోటే బ్రేకు పెట్టాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో గానీ, ఎక్కువ కాలం నిలవలేదు. పళ్ల చక్రం గుండ్రంగా కాకుండా కోలగా ఉంటే కంగారు పడకండి, వంకర పోలేదు. అది బయోపేస్, ఆ రోజుల్లో షిమానో గొప్పగా అమ్ముకున్న వింత.

2. ఫ్రేము, ఫోర్క్ పరీక్ష

ఇందులో ఫెయిలైతే మిగతా పనులు వద్దు. బండిని గోడకి వేలాడదీసుకోండి, తొక్కకండి.

డౌన్‌ట్యూబు (ముందు నుంచి పెడళ్ల వైపు ఏటవాలుగా దిగే గొట్టం) హెడ్‌ట్యూబుతో కలిసే చోట, అడుగు వైపు గుడ్డతో శుభ్రంగా తుడిచి, కళ్లు మూసుకుని వేలితో నిమరండి. పెయింటు మీద సన్నటి అడ్డ ముడత తగిలినా, పక్కనే చిన్న ఉబ్బు తగిలినా ఆ బండి ఒకప్పుడు దేన్నో ఎదురుగా గుద్దిందన్నమాట. కంటికి కనిపించని ముడత వేలికి దొరుకుతుంది. తర్వాత పక్క నుంచి చూడండి. ఫోర్క్ కాళ్ల పై భాగం హెడ్‌ట్యూబు గీతలోనే కిందికి దిగాలి. వెనక్కి మడిచినట్టుంటే ఆ ఫోర్క్ పనికిరాదు.

ఫ్రేము వంకర చూడటానికి ఒక దారం చాలు. వెనక చక్రం తీసి, ఒక డ్రాపౌట్‌కి (ఇరుసు కూర్చునే గాడి) దారం కట్టి, హెడ్‌ట్యూబు చుట్టూ తిప్పి తెచ్చి రెండో డ్రాపౌట్‌కి బిగుతుగా కట్టండి. సీట్ ట్యూబు నుంచి రెండు వైపుల దారానికి ఉన్న దూరం స్కేలుతో కొలవండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాకి భయం లేదు. అంతకంటే బాగా ఎక్కువ ఉంటే స్టీల్ ఫ్రేములు సరిచేయడం తెలిసిన మేస్త్రీకి చూపించండి.

తుప్పు బయట ఉన్నదాని కంటే లోపల ఉన్నది ప్రమాదం. సీటు పోస్టు తీసి టార్చి వేసి లోపలికి చూడండి. ఫ్రేము తలకిందులు చేసి మెల్లగా కొడితే ఎర్రటి పొడి కాస్త రాలడం మామూలే. పెచ్చులు రాలితే మాత్రం బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) విప్పి లోపల ఎంత తినేసిందో చూడాల్సిందే.

3. రాని సీటు పోస్టుని రప్పించడం

పాత బళ్లలో మనిషిని ఏడిపించేది ఇదే. స్టీల్ ఫ్రేములో అల్యూమినియం పోస్టు ఏళ్ల తరబడి గ్రీజు లేకుండా కూర్చుంటే, తేమ చేరి రెండు లోహాలూ అతుక్కుపోతాయి. క్లాంప్ బోల్టు పూర్తిగా తీసేసి, చీలిక చుట్టూ తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు మళ్లీ పోయండి. బాటమ్ బ్రాకెట్ విప్పి ఉంటే ఫ్రేము తలకిందులుగా నిలబెట్టి లోపలి వైపు నుంచి కూడా పోయొచ్చు. తర్వాత సీటు అలాగే ఉంచి, దాన్నే పిడిలా పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. పైకి లాగొద్దు, ముందు తిరగనివ్వండి. వెంట్రుక వాసి కదిలినా గెలిచినట్టే.

కదలకపోతే పోస్టు లోపల ఐసుముక్కలు వేసి చల్లబరచండి. చల్లదనానికి అల్యూమినియం స్టీల్ కంటే ఎక్కువ ముడుచుకుంటుంది, అతుకు విడుతుంది. మంట పెట్టే సలహాలు వినకండి. పెయింటు పోతుంది, పైగా వేడికి అల్యూమినియమే ఎక్కువ ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది. వచ్చాక పోస్టు మీద చెక్కిన సైజు చదివి రాసిపెట్టుకోండి. 26.8, 27.0, 27.2 మిల్లీమీటర్లు కంటికి ఒక్కలాగే ఉంటాయి, తప్పు సైజు వేస్తే ఫ్రేము చీలుతుంది. మళ్లీ పెట్టేటప్పుడు గ్రీజు పూయండి.

4. విప్పడం, గ్రీజు పెట్టడం

ఎడమ పెడల్ మరలు ఉల్టా. బాటమ్ బ్రాకెట్‌లో కుడి వైపు కప్పు కూడా ఉల్టానే. ఈ రెండూ గుర్తుండకపోతే బలమంతా పెట్టి బిగించుకుంటూ పోతారు. క్రాంకులు సుత్తితో కొట్టి తీయకండి. పుల్లర్ అనే చిన్న పనిముట్టు ఉంటుంది, అది లేకుండా మొదలుపెట్టనే వద్దు.

హ్యాండిల్ స్టెమ్ పాత రకం, అంటే లోపలికి దిగి ఉండేది. పై బోల్టు మూడు నాలుగు చుట్లు వదులు చేసి, దాని నెత్తి మీద చెక్క సుత్తితో ఒక్కటి వేస్తే కింద బిగబట్టి ఉన్న ముక్క దిగి స్టెమ్ వదులవుతుంది. బోల్టు పూర్తిగా తీసేసి కొడితే మరలు పాడవుతాయి. తిరిగి పెట్టేటప్పుడు స్టెమ్ మీద గీసిన గీత కనబడకుండా లోపలికి దిగాలి. ఎత్తుగా ఉంటే నడుముకి బాగుంటుందని గీత పైకి లాగారో, స్టెమ్ చేతిలోకి ఊడి వస్తుంది.

హబ్‌లలో బేరింగ్ బాల్స్ విడివిడిగా ఉంటాయి. విప్పేముందు కింద పాత గుడ్డ పరవండి. చాలా బళ్లలో ముందు చక్రానికి ఒక్కో వైపు 3/16 అంగుళం బాల్స్ పది, వెనక చక్రానికి పావు అంగుళానివి తొమ్మిది. మీ దాంట్లో ఎన్ని వచ్చాయో లెక్కపెట్టుకోండి. బాల్స్ ఎప్పుడూ కొత్తవి వేయాలి, పెద్ద ఖర్చేం కాదు. కోను (ఇరుసు మీద బాల్స్‌ని పట్టి ఉంచే మర) మీద బాల్ తిరిగే దారి అద్దంలా మెరవాలి, గుంటలు పడి ఉంటే అదీ మార్చాలి.

కోన్లు బిగించేటప్పుడు ఒక మెళకువ ఉంది. చక్రం చేతిలో ఉన్నప్పుడు ఇరుసుని పట్టుకుని ఊపితే, ఉందా లేదా అన్నంత ఆట ఉండాలి. ఫ్రేములో పెట్టి క్విక్ రిలీజ్ లీవర్ మూయగానే ఆ ఒత్తిడికి ఇరుసు కాస్త నొక్కుకుని ఆట పోతుంది. చేతిలోనే ఆట లేకుండా బిగిస్తే, బండిలో పెట్టాక బేరింగులు నలిగిపోతాయి. సైకిల్ పని బాగా వచ్చిన వాళ్లని గుర్తుపట్టాలంటే నేను చూసేది ఇదొక్కటే.

గేర్ల దగ్గర పెద్ద తతంగం అక్కర్లేదు. హ్యాండిల్ మీద బొటనవేలితో తోసే థంబ్ షిఫ్టర్లు ఉంటే అదృష్టవంతులు, వాటికి చావులేదు. చాలా వాటికి క్లిక్కుల పద్ధతి నుంచి క్లిక్కుల్లేని పద్ధతికి మార్చే మీట ఉంటుంది. కేబుల్ సాగినా, డెరైల్యూర్ కాస్త వంగినా అది తిప్పి, చెవితో వింటూ గేరు సరిచూసుకుని ఇంటికి రావచ్చు. 90ల మొదటి నాళ్ల నొక్కుడు షిఫ్టర్లు పట్టుకోకపోతే విరిగాయనుకుని పారేయకండి. లోపల గ్రీజు ఎండి బంకలా తయారై ఉంటుంది. పలచటి స్ప్రే నూనె దండిగా కొట్టి, యాభై అరవై సార్లు నొక్కితే చాలావరకు ప్రాణం లేచి వస్తుంది. చైన్ కొలవడానికి స్కేలు చాలు: పన్నెండు జతల లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి, 1/16 అంగుళం సాగితే మార్చాలి. ఆరు, ఏడు గేర్ల బళ్లకి ఇప్పుడు దొరికే ఎనిమిది గేర్ల చైన్ సరిపోతుంది. కొత్త చైన్ పాత పళ్ల మీద జారుతుంటే వెనక పళ్ల చక్రాలూ మార్చక తప్పదు.

5. పాతవి వాడకూడనివి

బ్రేకు కేబుళ్లు, వాటి తొడుగులు, బ్రేకు రబ్బర్లు, టైర్లు, ట్యూబులు, అల్యూమినియం హ్యాండిల్. ఈ జాబితాలో బేరం లేదు. హ్యాండిల్ చూడటానికి కొత్తగానే ఉన్నా ముప్పై ఏళ్ల కుదుపులు తిన్న అల్యూమినియం ముందస్తు నోటీసు ఇవ్వకుండా విరుగుతుంది. అసలుది దాచుకోండి, అలాంటి రూపమున్న కొత్తది వేయండి. చాలా బళ్లలో స్టెమ్ పట్టే చోటు 25.4 మిల్లీమీటర్లు.

టైరు కొనేటప్పుడు 26 అంగుళాలని చెప్పి ఊరుకోకండి. ఆ పేరుతో వేర్వేరు కొలతలున్నాయి. మీకు కావాల్సిన దాని మీద 559 అనే అంకె ఉండాలి. వెడల్పు 2.1 అంగుళాలు దాటితే పాత చైన్‌స్టేల మధ్య రాసుకునే అవకాశం ఎక్కువ. రిమ్ము పక్క గోడ మీద స్కేలు అంచు ఆనించి చూడండి. మధ్యలో పల్లంగా అరిగి ఉంటే, గాలి ఒత్తిడికి ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది.

6. కాంటిలివర్ బ్రేకులకి ఓపిక కావాలి

పాత బళ్లని ‘బ్రేకులు పట్టవు’ అని తిట్టేవాళ్లలో సగం మంది వాటిని సరిగ్గా కట్టుకోని వాళ్లే.

కాంటిలివర్ బ్రేకులో రిమ్ముకి అటూ ఇటూ ఉండే రెండు చేతుల్నీ కలుపుతూ పోయే అడ్డ కేబుల్ ఎంత కిందికి ఉంటే పట్టు అంత బలం, కానీ లీవర్ ఎక్కువ దూరం నొక్కాలి. ఎంత పైకి ఉంటే లీవర్ అంత గట్టిగా తగులుతుంది, పట్టు తగ్గుతుంది. చేతిలో గట్టిగా తగిలితే మంచి బ్రేకనుకోవడం ఇక్కడ తప్పు. టైరుకి తగలకుండా వీలైనంత కిందికి దింపి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా పైకి జరుపుతూ చూసుకోండి. రబ్బరు ముందు అంచు వెనక అంచు కంటే మిల్లీమీటరు ముందుగా రిమ్ముని తాకాలి. బిగించేటప్పుడు వెనక అంచు కింద పాత విజిటింగ్ కార్డు మడత పెడితే ఆ వాలు దానంతటదే వస్తుంది. కీచుమనే చప్పుడు చాలావరకు దీంతోనే పోతుంది.

ముందు బ్రేకు విషయంలో ఒక ప్రమాదం ఉంది. పై నుంచి వచ్చే కేబుల్ తెగినా జారినా, అడ్డ కేబుల్ టైరు గుబ్బల మీద పడి చక్రాన్ని బిగబడుతుంది. మీరు హ్యాండిల్ మీదుగా ఎగిరిపడతారు. అందుకే పాత బళ్లకి ఫోర్క్ నెత్తిన రిఫ్లెక్టర్ కమ్మీ ఉంటుంది. అందానికి అడ్డమని దాన్ని తీసేయకండి, అది ఆ కేబుల్‌ని టైరు మీద పడకుండా ఆపుతుంది.

బాగా పడుతుందని పాత లీవర్లకి వి-బ్రేకులు (తర్వాత వచ్చిన పొడుగు చేతుల బ్రేకులు) కలపడం కూడా కుదరదు. వి-బ్రేకుకి ఎక్కువ కేబుల్ లాగాలి, పాత లీవరు అంత లాగదు. లీవర్ గ్రిప్పుకి తగిలిపోతుంది గానీ బండి ఆగదు. వేస్తే రెండూ మార్చాలి.

సస్పెన్షన్ ఫోర్క్ పెట్టొద్దని మొదట్లో అన్నదానికీ కారణం ఇలాంటిదే. పాత రిజిడ్ ఫ్రేము పొట్టి ఫోర్క్ లెక్కలో కట్టింది. పొడవాటిది దూర్చితే ముందు భాగం లేచి, హ్యాండిల్ తిరిగే తీరే మారిపోతుంది, హెడ్‌ట్యూబు మీద భారం పెరుగుతుంది. స్టెమ్ విషయంలో మాత్రం నాకు పట్టింపు లేదు. అప్పటి 130, 140 మిల్లీమీటర్ల స్టెమ్‌లు మనిషిని ముందు చక్రం మీద పడుకోబెడతాయి. పొట్టిది, కాస్త ఎత్తుది వేసుకుంటే దిగుడులో ధైర్యంగా ఉంటుంది.

పెయింటు జోలికి పోకండి. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ, కాస్త వ్యాక్స్ చాలు. క్రోమ్ మీద తుప్పుచుక్కలు నీళ్లలో తడిపిన అల్యూమినియం ఫాయిల్‌తో రుద్దితే పోతాయి. మొదటి పెయింటు ఒక్కసారే ఉంటుంది.

7. ఇక తొక్కడం

టైర్ల గాలితో మొదలుపెట్టండి, ఎందుకంటే ఈ బండికి ఉన్న సస్పెన్షన్ అంతా అదే. డెబ్బై కిలోల మనిషికి ముందు 30, వెనక 35 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి చూడండి. రాయికి రిమ్ము ఠంగుమని తగిలితే రెండు పెంచండి. చేతులు తిమ్మిరెక్కితే రెండు తగ్గించండి.

మొదటి దారి సాఫీగా ఉండే మట్టిరోడ్డై ఉండాలి. కొత్త బళ్ల కోసం కట్టిన రాళ్లగుట్టల ట్రాక్‌ల మీదికి తీసుకెళ్లి ‘ఇదేం బండి’ అనుకోవడం అన్యాయం. ఈ సైకిళ్లు పుట్టింది అడవి మంటలార్పే బళ్ల కోసం వేసిన వెడల్పాటి మట్టిదార్ల మీద. గుట్ట ఎక్కి దిగే ఎర్రమట్టి బాట, పశువుల బాట, ఎండిన వాగు గట్టు, అలాంటి చోట ఇవి బాగా నడుస్తాయి.

దిగుడు రాగానే సీటు కిందికి దించండి. ఇప్పటి బళ్లలో హ్యాండిల్ మీద మీట నొక్కితే సీటు దిగుతున్నట్టే, 80ల్లో జో బ్రీజ్, జాష్ ఏంజెల్ కలిసి హైట్-రైట్ అనే స్ప్రింగు తెచ్చారు. క్విక్ రిలీజ్ వదులు చేసి కూర్చుంటే దిగేది, లేస్తే తనంతట తానే పైకొచ్చేది. మీ బండికి అది లేకపోతే దిగి, చేత్తో దించుకోండి. ఆ అర నిమిషంలో కింద దారి ఎలా ఉందో కూడా చూడొచ్చు.

సీటు మీద నుంచి లేచి నిలబడండి. రెండు పెడళ్లూ నేలకి సమంగా ఉంచండి. మోకాళ్లు, మోచేతులు వంచి వదులుగా పెట్టండి. నడుము సీటు వెనక్కి పోవాలి. హ్యాండిల్‌ని పక్షిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకోండి, పోనివ్వకూడదు, నలపకూడదు. కొత్తవాళ్లు కుదుపు రాగానే పిడికిలి బిగిస్తారు, దాంతో ప్రతి రాయి దెబ్బా భుజం దాకా వస్తుంది. బ్రేకులు రాళ్లకి ముందే వేసి, రాళ్ల మీదికి రాగానే వదిలేయండి. చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంటే రాయి ఎక్కి దిగుతుంది, బ్రేకు పట్టి ఉంటే రాయికి అడ్డంగా ఆగుతుంది.

చూపు ముందు చక్రం మీద కాదు, నాలుగైదు బళ్ల దూరంలో ఉండాలి. రిజిడ్ బండి మీద అసలు ఆట ఇదే. సస్పెన్షన్ ఉంటే తప్పుదారి పట్టినా బండి సర్దుకుంటుంది. ఇక్కడ ఏ రాయికి ఎడమగా పోవాలి, ఏ గుంతని దాటించాలి, ఏ వేరు మీద ముందు చక్రం కాస్త ఎత్తాలి అన్నీ మీరే తేల్చుకోవాలి. గంటకి పదిహేను కిలోమీటర్ల వేగంలోనే బుర్రకి చేతినిండా పని. పాతకాలపు రైడర్లు ఆ రోజుల్ని తలుచుకుని మురిసిపోయేది ఎక్కువగా ఈ ఒక్క విషయానికే అనిపిస్తుంది, వాళ్ల బళ్లు నిజానికి అంత గొప్పవేం కావు.

ఎగుడులో నిలబడితే వెనక చక్రం జారుతుంది, ముఖ్యంగా పొడుగాటి పాత ఫ్రేముల్లో. అందుకే సీటు ముందు అంచు మీదికి జరిగి కూర్చుని, ఛాతీ హ్యాండిల్ వైపు వంచి, చిన్న గేరులో ఒకే లయలో తొక్కండి. కాళ్లకి కట్టే టో-క్లిప్ పట్టీలు ఉంటే గట్టు మీద వదులు చేసుకోండి, పడితే కాలు బయటికి రావాలి. తొక్కలేని చోట దిగి నడవడం చిన్నతనమేం కాదు. 1955లో ఇంగ్లండ్‌లో మొదలైన రఫ్ స్టఫ్ ఫెలోషిప్ వాళ్లు మామూలు సైకిళ్లనే భుజాన వేసుకుని కొండలు దాటేవాళ్లు.

8. మొదటి రైడ్ తర్వాత

ఇంటికి రాగానే కడిగేయాలని తొందరపడకండి, ముందు పానా తీయండి. కొత్తగా కట్టిన బండిలో ప్రతిదీ మొదటి రెండు గంటల కుదుపులకి కాస్త కూర్చుంటుంది. ముందు బ్రేకు నొక్కి పట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపండి, హెడ్‌సెట్‌లో (ఫోర్క్ తిరిగే చోటి బేరింగులు) టక్కుమంటే బిగించండి. స్పోకులు రెండేసి కలిపి నొక్కి చూడండి, ఒకటి మెత్తగా తగిలితే ఆ పక్క చక్రం వంకర పోతోంది. కొత్త బ్రేకు కేబుళ్లు సాగి ఉంటాయి, లీవర్ దగ్గరి స్క్రూతో సరిచేయండి. నీళ్లలో దిగి ఉంటే సీటు పోస్టు తీసి ఫ్రేము తలకిందులుగా కాసేపు ఉంచండి, లోపలి నీళ్లు కారిపోతాయి.

అన్నిటికంటే ముఖ్యం క్రాంక్ బోల్టులు. వాటిని ఆ రోజూ, రెండో రైడ్ తర్వాతా తప్పక బిగించండి. చతురస్రపు ఇరుసు మీద క్రాంక్ వదులుగా ఉండగా నాలుగు కిలోమీటర్లు తొక్కినా దాని చదరపు రంధ్రం గుండ్రంగా నలిగిపోతుంది. తర్వాత ఎంత బిగించినా నిలవదు, ఆ కాలపు క్రాంక్ జత కోసం మళ్లీ పాత సామాన్ల దుకాణాలు వెతకాలి.